పది పాసైతే చాలు: బీమా ఏజెంటు ఊళ్లోనే ఉండాలి

ఊళ్లో ఒక ఆసామి కాలం చేస్తే, దినాలు అయిపోయాక ఇంటివాళ్లు ట్రంకుపెట్టె తీస్తారు. పాసుపుస్తకం ఉంటుంది, బ్యాంకు అప్పు కాగితాలుంటాయి, బంగారం కుదువపెట్టిన చీటీ ఉంటుంది. వాటన్నిటి అడుగున మడతపెట్టిన బీమా బాండు ఒకటి ఉంటుంది. ఆ పాలసీ బతికుందా, ఎప్పుడో మురిగిపోయిందా? కిస్తీలు ఎక్కడిదాకా కట్టాడు? నామినీగా ఎవరి పేరు రాయించాడు? పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ అయితే నామినీగా తల్లి పేరే ఉండిపోతుంది. ఆ తల్లి కొడుకు కంటే ముందే పోయి ఉండవచ్చు. ఈ సంగతులు చెప్పాల్సిన మనిషి ఏజెంటు. ఆయన పట్నంలో ఉంటాడు. ఫోన్ చేస్తే, "నేను ఆ పని మానేసి మూడేండ్లయిందమ్మా, మీరు ఆఫీసుకు పోయి అడుగుండ్రి" అంటాడు.

రైతు సోదరులారా, అక్కలారా! ఏ పాలసీ మంచిది, ఏది చెడ్డది అన్న సంగతి ఇంకో వారం చూసుకుందాం. ఈ వారం మాట్లాడుకోవాల్సింది ఆ పాలసీ అమ్మే మనిషి గురించి. బీమా ఏజెంటు కావాలంటే ఎంత చదువు ఉండాలి? ఇది ఆఫీసుల వాళ్లు తేల్చుకోవాల్సిన విషయంలాగ కనిపిస్తుంది. కానీ రెండెకరాల రైతు ఇంటికి దీనితో సంబంధం చాలా ఉంది.

కొంచెం వెనక్కి పోదాం. 1956 సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. పుట్టింది. అప్పటిదాకా దేశంలో ఉన్న 245 జీవిత బీమా సంస్థలను కలిపి ప్రభుత్వం దాన్ని ఏర్పాటు చేసింది. 1999లో చట్టం చేసి ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరిచారు. వాటి మీద అజమాయిషీకి ఐ.ఆర్.డి.ఎ. అనే సంస్థ పెట్టారు. ఇప్పుడు దాన్నే ఐ.ఆర్.డి.ఎ.ఐ. అంటున్నారు. దాని ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో కాదు, మన హైదరాబాదులోనే ఉంది.

2000 సంవత్సరంలో ఆ సంస్థ ఏజెంట్ల లైసెన్సుకు నిబంధనలు తెచ్చింది. జనాభా 5,000, అంతకు మించి ఉన్న ఊళ్లో నివసించేవాళ్లు పన్నెండో తరగతి పాసై ఉండాలన్నారు. అంతకంటే చిన్న ఊరివాళ్లకు పది చాలు. దాని మీద 100 గంటల శిక్షణ, ఆ తర్వాత ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే పరీక్ష. శిక్షణను తర్వాత 50 గంటలకు తగ్గించారు.

చిన్న ఊళ్లకు సడలింపు ఇవ్వడం అప్పట్లో మంచి ఆలోచనే. కానీ అందులో ఒక తిరకాసు ఉంది. తండా పిల్లవాడికి పది చాలన్నారు బాగుంది, మరి ఆ 100 గంటల శిక్షణ ఎక్కడ? పట్నంలో. అక్కడికి రోజూ పోవడానికి బస్సు చార్జీ ఎవరిస్తారు? పత్తి ఏరే రోజుల్లో కూలీ వదులుకొని ఎవరు పోతారు? చదువు గేటు తీశారు గానీ గేటు దగ్గరికి బాట వేయలేదు.

2015లో బీమా చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి ఏజెంటుకు లైసెన్సు ఇచ్చే పని ప్రభుత్వ సంస్థ చేతిలోంచి కంపెనీ చేతికి పోయింది. 2016 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పల్లె అయినా పట్నం అయినా పదో తరగతి పాసైతే చాలు. శిక్షణ ఇప్పించే బాధ్యత కంపెనీదే. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. పాసైతే కంపెనీ నియామక పత్రం, గుర్తింపు కార్డు ఇస్తుంది. జనం నోట మాత్రం అది ఇప్పటికీ లైసెన్సే కాబట్టి మనమూ అలాగే అనుకుందాం.

కొందరు పెద్దలకు ఈ సడలింపు నచ్చలేదు. డబ్బు వ్యవహారం, పదో తరగతి పిల్లల చేతిలో పెడతారా అన్నారు. వాళ్లను ఒక్కసారి వరి కోతల కాలంలో మన ఐకేపీ కొనుగోలు కేంద్రానికి తీసుకురావాలి. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న వాళ్లెవరు? మన పొదుపు సంఘాల ఆడవాళ్లే. తేమ శాతం చూసేది వాళ్లు, తూకం రాసేది వాళ్లు, ట్రక్ షీటు మీద సంతకం పెట్టేది వాళ్లు. ఒక్కో కేంద్రంలో ఒక సీజన్‌కు ఎన్ని బస్తాలు పోతాయో, వాటి ఖరీదు ఎంతో మీకు తెలుసు. సంఘం పుస్తకం రాసే పిల్ల పావలా వడ్డీకి, రూపాయి వడ్డీకి తేడా నోటిలెక్కతో చెప్పేస్తుంది. ఆ పిల్లకు ఇంటర్ సర్టిఫికెట్ లేదని బీమా ప్రీమియం లెక్క అర్థం కాదంటే ఎవరు నమ్ముతారు?

అసలు ఏజెంటు పనిలో చదువు ఎంత, మనిషి ఎరుక ఎంత? ఈ సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

మొదటిది కిస్తీ కట్టే రోజు. పట్నం ఏజెంటు వస్తాడు, ఫారం నింపుతాడు. "నెలకు ఇంతే గదా, టీ ఖర్చు" అని నెలవారీ కిస్తీ పెడతాడు. నెల జీతం తెచ్చుకునేవాడికి అది సరిపోతుంది. మనకు నెల నెలా డబ్బు వస్తుందా? పత్తి రైతుకు చేతిలో డబ్బు ఆడేది సంక్రాంతి ముందు వెనక. బత్తాయి తోట ఉన్నవాడికి కాయ కోతప్పుడు. వరి అమ్మినవాడికి ఖాతాలో పడినప్పుడు. జూన్, జూలై నెలల్లో విత్తనాలకు, దుక్కికి, పిల్లల స్కూలు ఫీజుకు చేయిచాచని ఇల్లు ఉండదు. ఆ రెండు నెలలు కిస్తీ తప్పిందా, పాలసీ మురిగినట్టే. నెలవారీ కిస్తీకి గడువు దాటాక 15 రోజులే మినహాయింపు. మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి కట్టే వాటికైతే 30 రోజులు. మురిగిన పాలసీని తిరిగి నడిపించుకోవచ్చు గానీ బకాయిలకు వడ్డీ కట్టాలి, ఆరోగ్యం బాగుందని మళ్లీ చూపాలి. మొదటి ఏడాదో రెండేళ్లో కట్టి వదిలేస్తే కట్టినదాంట్లో పెద్ద భాగం మనది కాకుండా పోతుంది.

ఊరి ఏజెంటు అయితే ఈ పొరపాటు చేయడు. ఎందుకంటే నీ పత్తి ఎప్పుడు అమ్ముడుపోతుందో వాడికి తెలుసు. వాడి ఇంటి పత్తి కూడా ఆ జిన్నింగు మిల్లుకే పోతుంది. "కాకా, ఏడాదికొక్కసారి పెట్టు, జనవరిల కడుదువు" అంటాడు. ఈ ఒక్క మాట విలువ ఎంతో, పాలసీ మురిగిన ఇంటివాళ్లను అడిగితే చెబుతారు.

రెండోది ఫారం. బీమా ఫారంలో ఆరోగ్యం గురించి వరసగా ప్రశ్నలుంటాయి. షుగరుందా, బీపీ ఉందా, ఆపరేషన్ ఏమన్నా అయిందా, గుట్కా, బీడీ అలవాటుందా అని. చాలాసార్లు మనం చివరి పేజీలో వేలిముద్ర వేస్తాం, అంతే. అన్నిటికీ "లేదు" అని వాళ్లే గీతలు పెట్టుకుంటారు. పాలసీ మొదలైన మూడేళ్లలోపు మనిషి పోతే కంపెనీ ఆ ఫారం తీసి చూస్తుంది. నిజం దాచాడని తేలితే డబ్బు ఆపేస్తుంది. చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటితే ఇక ఆ వంకతో పాలసీని ప్రశ్నించడానికి లేదు. అంటే ఆ మొదటి మూడేళ్లే గండం. వేలిముద్ర వేసినవాళ్లకు, తెలుగులో సంతకం పెట్టినవాళ్లకు ఫారంలోని విషయం వాళ్ల భాషలో వివరించి చెప్పామని నింపినవాళ్లు రాసి సంతకం పెట్టాలి. ఆ గడి ఫారంలోనే ఉంటుంది. వివరించకుండానే అక్కడ సంతకాలు ఎన్ని పడుతున్నాయో దేవుడికే ఎరుక.

దేవరకొండ వైపు తండాల సంగతి తీసుకోండి. అక్కడ ముసలివాళ్లకు తెలుగు వస్తుంది గానీ, మనసులో మాట వచ్చేది లంబాడీలోనే. పట్నం నుంచి వచ్చిన డిగ్రీ చదివిన ఏజెంటు తెలుగులో ఎంత చక్కగా చెప్పినా, "ఆ... ఆ..." అని తల ఊపుతారు. ఏమి అర్థమైందో ఆ తల ఊపుడులో తెలియదు. ఆ తండాలోనే పది చదివిన కోడలు పిల్ల వాళ్ల మాటలో అడిగితే, "నాకు ఆయాసం ఉంది బిడ్డా" అన్న మాట బయటికొస్తుంది. డిగ్రీ ఎక్కడ పనికొచ్చింది, భాష ఎక్కడ పనికొచ్చింది?

మూడోది, అన్నిటికంటే పెద్దది, మనిషి పోయినప్పటి పని. దీనికి మన దగ్గరే ఒక గట్టి అనుభవం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆమ్ ఆద్మీ బీమా యోజన నడిచిన రోజులు గుర్తున్నాయా? ఆ పథకం 2007లో వచ్చింది. మామూలు మరణానికి 30,000, ప్రమాదంలో పోతే 75,000 రూపాయలు. మొత్తం పెద్దదేమీ కాదు. కానీ మన దగ్గర దాన్ని పొదుపు సంఘాల జిల్లా సమాఖ్యల ద్వారా నడిపించారు. సంఘాల నుంచే కొందరు ఆడవాళ్లను తీసుకుని బీమా మిత్రలని పేరు పెట్టారు. ఊళ్లో ఒకరు పోయారని కబురు అందితే బీమా మిత్ర ఆ ఇంటికి పోయేది. చావు ఖర్చులకని 5,000 రూపాయలు ముందు చేతిలో పెట్టేది. మరణ ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, నామినీ కాగితాలు తనే పోగుచేసి పంపేది. ఆ అక్కల్లో పెద్ద చదువులు చదివినవాళ్లు ఎందరు? అయినా మన పల్లెల్లో బీమా అంటే డబ్బు వచ్చేదే అన్న నమ్మకం కలిగించింది ఆ అక్కలే. తర్వాత ఆ పథకాన్ని కేంద్రం వేరే పథకాల్లో కలిపేసింది. బీమా మిత్ర మాట మరుగున పడింది. నా లెక్కలో ఇది మనం పోగొట్టుకున్న మంచి ఏర్పాట్లలో ఒకటి.

రైతుబీమానే చూడండి. 2018 ఆగస్టు 14న మొదలైంది. ప్రీమియం ప్రభుత్వమే ఎల్.ఐ.సి.కి కట్టింది, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. అందులో ఏజెంటు లేడు. మరి కాగితాలు కదిలింది ఎలా? వ్యవసాయ విస్తరణ అధికారి, అదే మన ఏ.ఇ.ఓ., నామినీ ఫారాలు రాయించాడు, చావు కబురు అందగానే ఇంటికి వచ్చాడు. ఊరి దగ్గర ఒక మనిషి ఉంటే బీమా ఎట్లా పనిచేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. కానీ ఆ పథకం భూమి పట్టా మీద నడిచేది. కౌలు రైతుకు రాదు, అరవై దాటినవాళ్లకు రాదు, పట్టా పేరు మీద లేని ఇల్లాలికి రాదు. వాళ్లకెవరు దిక్కు? వాళ్లు సొంతంగా తీసుకునే చిన్న పాలసీయే దిక్కు. దానికి ఏ.ఇ.ఓ. రాడు. ఊరి ఏజెంటే రావాలి.

ఇంకో మాట. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 436 రూపాయలు, 20 రూపాయలు కోసుకుంటున్నారని కొందరు గొణుగుతుంటారు. 436 అంటే ప్రధానమంత్రి జీవన జ్యోతి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. 20 అంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఇంటి యజమాని సంతకం పెట్టాడు, పోయాడు. ఆ ఇల్లాలికి అలాంటిది ఉందనే తెలియదు, అడిగేది ఎవరు? బ్యాంకులో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఊరి ఏజెంటుకు దీనిమీద కమీషన్ రాకపోయినా, "అక్కా, బావ ఖాతా పుస్తకం తీసుకురా, చూద్దాం" అని అంటుంది. ఎందుకంటే రేపు అదే వాడలో తను ఇంకో పాలసీ అమ్ముకోవాలి గనక. స్వార్థమే అనుకోండి, మనకు పనికొచ్చే స్వార్థం.

ఇక ఎదుటివాళ్ల మాట కూడా వినాలి. ఊరివాడైతే మోసం చెయ్యడా? ఈ ప్రశ్న అడగడానికి మనకు హక్కుంది. అగ్రిగోల్డ్ మరిచిపోయామా? 2014, 2015 నాటికి ఆ సంస్థ చేతులెత్తేసింది. రెండు రాష్ట్రాల్లోనూ లక్షలమంది డబ్బు ఇరుక్కుపోయింది. ఆ డబ్బు వసూలు చేసిన ఏజెంట్లు ఎవరు? మన ఊరివాళ్లే, మన చుట్టాలే. చదువు తక్కువని మోసం చేశారా? కాదు, వాళ్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పెట్టి మునిగారు. ఊరిమీద తలెత్తుకుని తిరగలేకపోయారు.

అందుకే చెబుతున్నాను. ఊరివాడన్న నమ్మకం ఒక్కటే చాలదు. కానీ దానికి విరుగుడు ఇంటర్ సర్టిఫికెట్టో డిగ్రీ సర్టిఫికెట్టో కాదు. అక్కడ లేనిది చదువు కాదు, చట్టం నీడ. బీమా ఏజెంటుకైతే ఒక పరీక్ష ఉంది, నియామక పత్రం ఉంది, కంపెనీ ఉంది, కంపెనీ మీద ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఉంది. 2015 సవరణలో ఒక గట్టి మాట రాశారు. ఏజెంటు చేసిన తప్పుకు, చేయాల్సింది చేయకపోవడానికి కంపెనీయే జవాబుదారీ. కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. "మా ఏజెంటు అన్నమాటతో మాకు సంబంధం లేదు" అని కంపెనీ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. చదువు గీటు పైన పెట్టి ఊరి మనుషులను బయట ఉంచితే ఏమవుతుంది? వాళ్లు ఊరకే ఉండరు. ఊళ్లో మాట చెల్లే మనిషి కోసం ఎవడో ఒకడు వెతుక్కుంటూ వస్తాడు. లైసెన్సు అక్కరలేని చీటీల వాడో, డబ్బు రెట్టింపు చేస్తాననేవాడో వస్తాడు. ఆ మనిషి అందులో చేరకముందే చట్టం ఉన్న పనిలోకి రానివ్వడం మేలు కదా?

అయితే ఒక విషయంలో నేను సడలింపుల వాళ్లతో కలవను. చదువు గీటు తగ్గించండి, శిక్షణ తగ్గించకండి. 2015 చివర్లో పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ అనే కొత్త రకం తెచ్చారు. పది పాసై 15 గంటల శిక్షణ తీసుకుంటే సులువైన పాలసీలు అమ్మవచ్చు. స్కూటర్ బీమాలాంటి రెడీమేడ్ సరుకుకు అది సరిపోతుందేమో. ఇరవై ఏళ్లు కిస్తీ కట్టే జీవిత బీమాకు మాత్రం 15 గంటలు ఏ మూలకు? విత్తనం అమ్మే దుకాణదారుకైనా సీజనంతా రైతు తిట్లు తిని కొంత తెలుస్తుంది. బీమా ఏజెంటు తప్పు పదేళ్ల తర్వాత గానీ బయటపడదు. 2005లో సూక్ష్మ బీమా నిబంధనలు తెచ్చినప్పుడు సంఘాల ద్వారా అమ్మేవాళ్లకు 25 గంటల శిక్షణ పెట్టారు. అదీ స్థానిక భాషలో, కంపెనీ ఖర్చుతో. నాకు నచ్చిన పద్ధతి అది. దాన్నే పెంచి మండల కేంద్రంలో, వ్యవసాయ పనులు లేని ఎండాకాలంలో పెడితే ఎవరికీ కూలీ పోదు. క్లెయిము కాగితాలు ఎలా పెట్టాలో చేయించి చూపాలి. ఇప్పటి శిక్షణ అమ్మడం మీద ఎక్కువ, ఇప్పించడం మీద తక్కువ.

2024 డిసెంబరు 9న ప్రధానమంత్రి హర్యానాలోని పానిపట్‌లో ఎల్.ఐ.సి. బీమా సఖి పథకం మొదలుపెట్టారు. పది పాసైన 18 నుంచి 70 ఏళ్ల ఆడవాళ్ల కోసం ఉద్దేశించినది. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల భృతి అన్నారు. కమీషన్ వేరే. ఇది ఉద్యోగం కాదు, ఏజెన్సీయే. భృతికి పాలసీల లెక్క ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. రెండో ఏడాది భృతి రావాలంటే మొదటి ఏడాది చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం నడుస్తూ ఉండాలి. అంటే అంటగట్టి పోతే కుదరదు, కిస్తీ కట్టించాలి. అన్ని కంపెనీలూ అందరు ఏజెంట్లకూ ఈ రకం షరతు పెడితే పట్నం ఏజెంట్లలో సగంమంది తీరు మారుతుంది. ఇప్పటికే ఏజెంటుగా ఉన్నవాళ్ల దగ్గరి చుట్టాలను, ఉద్యోగుల చుట్టాలను ఇందులో చేర్చుకోరు. అది కూడా మంచిదే, కొత్త ఇళ్లకు అవకాశం వస్తుంది.

మీ ఇంట్లో పది పాసై, ఇంటర్ తప్పి, పొలం పనికి పోలేక పట్నం పోలేక ఉన్న కొడుకో, బిడ్డో, కోడలో ఉంటే ఈ సంగతి వాళ్లతో మాట్లాడండి. పెట్టుబడి లేని పని. మొదటి ఏడాది కమీషన్ ఎక్కువ, ఆ తర్వాత పాలసీ నడిచినన్నాళ్లు ఏటా కొంచెం కొంచెం వస్తుంది. పాడి గేదెలాంటిది, రోజూ చూసుకుంటేనే పాలు. కానీ దీన్ని నమ్ముకుని పొలం కౌలుకిచ్చేయకండి. మొదటి ఆరు నెలలు చుట్టాలు, స్నేహితులు మొహమాటానికి పాలసీలు తీసుకుంటారు, తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. "ఏజెన్సీ ఇప్పిస్తాను, ఇంత ఖర్చవుతుంది" అని ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. దగ్గరి బ్రాంచికి నేరుగా పోయి అడగండి. అక్కడ చెప్పిన ఫీజు కట్టి రశీదు తీసుకోండి.

"నీ కమీషన్‌లో సగం నాకు తిరిగి ఇస్తే పాలసీ తీసుకుంటా" అని బేరాలాడే పెద్దమనుషులు మన ఊళ్లలో తక్కువేం లేరు. చట్టంలో 41వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. పైగా వచ్చే కమీషన్ కూడా లాక్కుంటే, రేపు మీ ఇంట్లో కష్టం వస్తే ఆ పిల్ల మీ గడప ఎందుకు తొక్కుతుంది?

పాలసీ తీసుకునేవాళ్లు ఊరి ఏజెంటు అయినా సరే గుర్తింపు కార్డు చూపమని అడగండి. అడిగితే అవమానం కాదు. కిస్తీ చేతికిచ్చినా కంపెనీ రశీదు వచ్చిందాకా వదలకండి, తెల్ల కాగితం మీద రాసిచ్చింది రశీదు కాదు. ఫారం మొత్తం తెలుగులో చదివించుకుని గానీ వేలిముద్ర వేయకండి. బాండు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయవచ్చు, చిన్న ఖర్చులు పోను డబ్బు వాపసు ఇస్తారు. నామినీ పేరు పెళ్లయ్యాక మార్పించండి. కంపెనీ మాట వినకపోతే ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి 155255 నంబరుకు ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు. అక్కడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు, తెల్ల కాగితం మీద అర్జీ రాసి పంపవచ్చు.

పది కూడా కానివాళ్ల సంగతేమిటని అడగవచ్చు. ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసి, ఇప్పుడు సంఘం లెక్కలన్నీ వేలికొసల మీద పెట్టుకున్న ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు ఓపెన్ స్కూలు పది ఉంది, ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది. అయితే అర్జీ పెట్టేముందు ఒక్కటి చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలాగ, ఆధార్‌లో ఇంకోలాగ, పాన్ కార్డులో మరోలాగ ఉంటే అర్జీ అక్కడే ఆగిపోతుంది. పెళ్లయిన ఆడపిల్లలకు ఈ చిక్కు ఎక్కువ. మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటాయి. మెమోలో ఉన్నట్టుగా మిగతా రెండూ సరిచేయించుకుని, బ్యాంకు పుస్తకం, నాలుగు ఫొటోలు పట్టుకుని పోతే ఒక్క తిరుగుడుతో పని అవుతుంది.